ఫొటో క్రెడిట్

ఫొటో క్రెడిట్ అంటే ఒక ఫొటోను వాడుకున్న చోట, దాన్ని తీసినవారి పేరు చూసేవారికి కనిపించేలా చెప్పడం. అచ్చు పుస్తకంలో ఆ పేరు చివరి పేజీల్లో ఉన్నా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో మాత్రం ఫొటోకు ఆనుకునే ఉండాలి. అక్కడ ఫొటో తన పేజీని వదిలేసి చేతులు మారుతూ పోతుంది. తెలుగు సైట్లలో తరచూ కనిపించే ‘ఫొటో: గూగుల్’, ‘ఇంటర్నెట్ సౌజన్యంతో’ వంటి మాటలు క్రెడిట్ కిందికి రావు. గూగుల్ ఆ ఫొటోను వెతికిపెట్టిందే కానీ తీయలేదు.

పేరు ఫొటోతోపాటే వెళ్లాలన్న ఆలోచన పాతదే. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన లాలా దీనదయాళ్ (1844–1905) గాజు నెగటివ్‌ల మీదే వరుస సంఖ్య, పేరు వేసేవారు. ఎన్ని ప్రింట్లు తీసినా ప్రతిదాని మీదా ఆ సంఖ్య, పేరు కూడా వచ్చేవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఆయన తీసిన చిత్రాలను నేటికీ ఆయనవిగా పోల్చుకోగలగడానికి ఆ రాత ఎంతో తోడ్పడింది. అయితే స్టూడియో పేరు వేయడం, తీసిన మనిషి పేరు వేయడం ఒకటి కాదు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో తెరిచిన జనానా స్టూడియోను ఒక ఇంగ్లిష్ మహిళ నడిపారు. పేరు మాత్రం దీనదయాళ్ సంస్థదే ప్రసిద్ధమైంది.

అండమాన్ దీవుల్లోనూ ఫొటోల చరిత్ర దీర్ఘమైనదే. శిక్షాస్థావరానికి చోటు చూడడానికి 1857 చివర్లో బయల్దేరిన కమిటీతో ఆస్కార్ మాలిట్ అనే ఫొటోగ్రాఫర్ వచ్చారు. 1890లలో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే అధికారి అండమాన్ ఆదివాసుల ఫొటోలు పెద్ద సంఖ్యలో తీశారు. పోర్ట్‌మన్ 1935లో మరణించారు కనుక వాటికి భారత చట్టంలోని కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది. అయినా పేరు చెప్పాల్సిందే. ఎవరు, ఎప్పుడు, ఏ హోదాలో తీశారో తెలియకపోతే ఆ ఫొటో చరిత్రకు సాక్ష్యంగా నిలవదు.

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తే. 2012 సవరణకు ముందు ఫొటోలకు ప్రచురణ నుంచి 60 ఏళ్ల రక్షణ ఉండేది. ఇప్పుడు కర్త జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. పేరు విషయంలో ముఖ్యమైనది 57వ సెక్షన్. కాపీరైట్‌ను అమ్మేసినా ‘ఇది నా పని’ అని చెప్పుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటుందని అది చెబుతుంది. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్) దగ్గరి ఆస్టినాబాద్‌లో ఒక తెలుగు కుటుంబం డబ్బిచ్చి పెళ్లి ఫొటోలు తీయించుకుందనుకుందాం. వేరే ఒప్పందం లేకపోతే 17వ సెక్షన్ కింద ఆ ఫొటోల కాపీరైట్ తీయించుకున్నవారిదే. వాళ్లు వాటిని ఫేస్‌బుక్‌లో నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. అయినా తీసినది ఫొటోగ్రాఫరేనన్న వాస్తవం మారదు, అది చెప్పుకునే హక్కు కూడా ఆయనను విడిచిపోదు.

దీన్ని తిప్పి చెప్పినా నిజమే. పేరు వేసినంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు. ‘క్రెడిట్ ఇచ్చాం కదా’ అన్న సమాధానం న్యాయస్థానంలో నిలబడదు. విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల వంటి మినహాయింపులు పోగా మిగిలిన వాడకానికి అనుమతి అవసరం.

ఆ అనుమతిని ముందుగానే ఇచ్చేసేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. 2002లో వెలువడిన ఈ లైసెన్సుల మీదే వికీమీడియా కామన్స్‌లోని ఫొటోల్లో అధికభాగం ఉంది. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో కనిపించే చాలా బొమ్మలు అక్కడివే. ఉచితమంటే పేరు అక్కర్లేదని కాదు. సరైన క్రెడిట్ ఇలా ఉంటుంది: ‘ఫొటో: తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్‌ఏ 4.0, అంచులు కత్తిరించాం.’ పేరుకు మూల పేజీ లింకు, లైసెన్సు పేరుకు లైసెన్సు లింకు తగిలించాలి. రంగు మార్చినా, కత్తిరించినా ఆ ముక్క రాయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

పేరును ఫొటో ఫైలు లోపల కూడా దాచవచ్చు. ఎగ్జిఫ్, ఐపీటీసీ అనే ప్రమాణాల్లో కర్త పేరుకూ కాపీరైట్ ప్రకటనకూ ప్రత్యేక గడులున్నాయి. కానీ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ సమాచారం చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది. అనుమతి లేకుండా, తెలిసి అలాంటి సమాచారాన్ని తొలగించడం కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద నేరం; రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి.

పేరు తప్పుగా పడితే ఏమవుతుందో ఫొటోగ్రాఫర్ డేనియల్ మొరెల్ ఉదంతం చూపిస్తుంది. 2010లో హైతీ భూకంపం ఫొటోలను ఆయన ట్విటర్‌లో పెట్టారు. మరొకరు వాటిని తనవిగా చూపించారు. ఏఎఫ్‌పీ వార్తా సంస్థ ఆ రెండో వ్యక్తి పేరుతో పంపిణీ చేసింది, గెట్టీ అనే ఫొటో సంస్థ ద్వారా అవి లోకమంతా వెళ్లాయి. 2013లో అమెరికా జ్యూరీ మొరెల్‌కు 12 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించింది.

ఏ క్రెడిట్టూ సరిదిద్దలేని ఫొటోలు కూడా ఉన్నాయి. అండమాన్‌లో జరావా ఆదివాసీ తెగ రక్షిత ప్రాంతంలో ఫొటోలు, వీడియోలు తీయడమే శిక్షార్హం. 1956 నాటి ఆదివాసీ తెగల రక్షణ నిబంధనను 2012లో సవరించి మరింత కఠినం చేశారు. అలాంటి ఫొటో కింద ఎవరి పేరు వేసినా అది చట్టబద్ధం కాదు, న్యాయమూ కాదు.

ఫొటో మూలం తెలియనప్పుడు గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటివాటితో వెనక్కి వెతకవచ్చు. తొలిసారి ఎవరు పెట్టారో తేలేదాకా ఆగడం మంచిది. అప్పటికీ పేరు దొరకకపోతే ఆ ఫొటోను వాడకూడదు. తన ఫొటో పేరూ అనుమతీ లేకుండా కనిపించిన ఫొటోగ్రాఫర్ అది కనిపించిన ఆన్‌లైన్ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆదేశం తెచ్చుకోవడానికి 21 రోజుల పాటు దాన్ని అందుబాటు నుంచి తప్పిస్తారు. క్రియేటివ్ కామన్స్ 4.0 ఫొటో విషయంలోనైతే తప్పు తెలిసిన 30 రోజుల్లోగా పేరు చేర్చితే రద్దయిన లైసెన్సు దానంతటదే తిరిగి వర్తిస్తుంది. పాత పోస్టుల్లో పేరు లేని ఫొటోలున్నవారు ఈ వెసులుబాటును వాడుకోవాలి.