ఛార్జర్‌లో కెపాసిటర్ సైజు: మైక్రోఫారడ్‌లు అమెరికా లెక్క, వోల్టులు ఇండియా లెక్క

పోయిన సంక్రాంతికి ఇండియా వెళ్తూ, డాలస్‌లో సేల్‌లో కొన్న సౌండ్‌బార్ ఒకటి మామయ్యగారి కోసం పట్టుకెళ్లాం. విజయవాడలో పెట్టె విప్పి, పిన్ను మార్చే చిన్న అడాప్టర్ తగిలించి స్విచ్ వేశారు మా వారు. అర నిమిషం కూడా కాలేదు. టపాసు పేలినట్టు చప్పుడు, వెనకాలే మాడిన చేప వాసన. వీధి చివర రిపేరు షాపతను మూత తీసి, పైభాగం చీలిపోయిన నల్లటి డబ్బాలాంటి భాగాన్ని చూపించి, "ఇది 200 వోల్టుల కండెన్సర్ అండీ, మన కరెంటుకి ఎలా ఆగుతుంది?" అన్నాడు.

అదే సూట్‌కేసులో వచ్చిన లాప్‌టాప్ ఛార్జర్ మాత్రం అదే ప్లగ్గులో నెల రోజులు హాయిగా పనిచేసింది. బీఎస్సీలో నాకు ఎలక్ట్రానిక్స్ ఒక సబ్జెక్టు. మా పిల్లలకి ఈ తేడా కాగితం మీద లెక్క వేసి చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మన రిపేరు షాపుల్లో కండెన్సర్ అన్నా, పుస్తకాల్లో కెపాసిటర్ అన్నా ఒకటే. మేడ మీద నీళ్ల ట్యాంకు లాంటిది. మున్సిపాలిటీ నీళ్లు కాసేపు వస్తాయి, కాసేపు రావు. మనకి పంపు తిప్పినప్పుడల్లా కావాలి. ట్యాంకు ఎంత వెడల్పో అది మైక్రోఫారడ్‌లు. గోడ ఎంత ఎత్తో అది వోల్టులు. వెడల్పు చాలకపోతే మధ్యలో నీళ్లు అయిపోతాయి. గోడ ఎత్తు చాలకపోతే మా సౌండ్‌బార్‌లాగే అవుతుంది.

గోడలోంచి వచ్చే ఏసీ కరెంటు ఒకే స్థాయిలో ఉండదు. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 120 సార్లు, ఇండియాలో 50 హెర్ట్జ్ కాబట్టి 100 సార్లు సున్నాకి పడి మళ్లీ లేస్తుంది. ఛార్జర్‌లో ముందు నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకి తిప్పుతాయి, ఆ వెంటనే కెపాసిటర్ ఉంటుంది. వోల్టేజి శిఖరానికి చేరినప్పుడు అది నిండుతుంది, కిందికి దిగినప్పుడు వెనకనున్న సర్క్యూట్‌కి తన దగ్గరున్నది ఇస్తుంది. ఇంకో సంగతి. మనం 120 అనీ 230 అనీ చెప్పుకునేవి ఒక రకం సగటు విలువలు. శిఖరం కావాలంటే 1.414తో గుణించాలి. అమెరికాలో 170 వోల్టులు, ఇండియాలో 325. ఆ 200 వోల్టుల కెపాసిటర్ డాలస్‌లో ఎందుకు బతికిందో, విజయవాడలో ఎందుకు పోయిందో ఈ ఒక్క గుణకారంతో తేలిపోతుంది.

ఇప్పుడు 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్ తీసుకుందాం. మీద 100–240 అని ఉంటుంది. పదిశాతం అటూ ఇటూ కలిపి 90 నుంచి 264 దాకా తట్టుకునేలా చేస్తారు. మైక్రోఫారడ్‌లు లెక్కవేసేటప్పుడు అన్నింటికన్నా తక్కువ వోల్టేజి చూడాలి, ఎందుకంటే ట్యాంకు అడుగంటే ప్రమాదం అక్కడే. 90 వోల్టుల శిఖరం 127. సర్క్యూట్ 80 వోల్టుల దాకా పనిచేస్తుందనుకుందాం. 65 వాట్లు బయటికి ఇవ్వాలంటే, వేడిగా పోయేది కలిపి సుమారు 72 వాట్లు లోపలికి కావాలి. 60 హెర్ట్జ్‌లో రెండు శిఖరాల మధ్య 8.3 మిల్లీసెకన్లు. అందులో కెపాసిటర్ ఒంటరిగా మోయాల్సింది సుమారు 6. అంటే 72 ఇంటూ 0.006, దాదాపు 0.43 జౌళ్లు.

కెపాసిటర్‌లో దాగిన శక్తి సగం ఇంటూ కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజి వర్గం, ఇంటర్‌లో చదివినదే. 127 వర్గం 16,129. 80 వర్గం 6,400. తేడాలో సగం 4,864. 0.43ని దీంతో భాగిస్తే సుమారు 89 మైక్రోఫారడ్‌లు. ఇలాంటి కెపాసిటర్లు రాసిన విలువకన్నా 20 శాతం తక్కువున్నా చెల్లుబాటే కాబట్టి 89ని 0.8తో భాగిస్తే 111. మార్కెట్‌లో దొరికే దగ్గరి సైజు 120.

అదే 120 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ హైదరాబాద్‌లో ఏం చేస్తుంది? 325 దగ్గర నిండి, మళ్లీ శిఖరం వచ్చేలోపు 308 దాకా మాత్రమే దిగుతుంది. అంటే అక్కడ దానికి దాదాపు విశ్రాంతి. కానీ గోడ ఎత్తు మాత్రం అక్కడి శిఖరానికే కట్టాలి. 264 ఇంటూ 1.414 అంటే 373, కాబట్టి 400 వోల్టులది వేస్తారు. తక్కువ వోల్టేజి దేశం మైక్రోఫారడ్‌లు పెంచితే, ఎక్కువ వోల్టేజి దేశం వోల్టులు పెంచుతుంది. రెండు ఊళ్లకీ పనికొచ్చే ఛార్జర్‌లో ఆ డబ్బా అంత లావుగా ఉండటానికి కారణం ఇదే. మా సౌండ్‌బార్ తయారుచేసినవాళ్లు ఒక్క ఊరికే లెక్క వేసి డబ్బు ఆదా చేసుకున్నారు. లేబుల్ మీద 120 అని స్పష్టంగా రాశారు కూడా, చదవనిది మేమే.

ఇక ఆయుష్షు. ఈ రకం కెపాసిటర్‌లో ద్రవం ఉంటుంది, వేడికి అది ఆరిపోతూ వస్తుంది. మీద 105 డిగ్రీలు అని, దాని వివరాల కాగితంలో 2,000 గంటలు అని ఉందనుకోండి. ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అనేది ఇంజనీర్ల మోటు లెక్క. లోపల 65 డిగ్రీలుంటే నాలుగు రెట్టింపులు, 32,000 గంటలు. రాత్రీ పగలూ వెలిగే వైఫై రూటర్ అడాప్టర్‌కి అది మూడున్నరేళ్ల పైచిలుకు మాత్రమే. 5,000 గంటల రకం వేస్తే తొమ్మిదేళ్లు. నిండుతూ ఖాళీ అవుతూ ఉండే కరెంటు కూడా లోపల వేడి పుట్టిస్తుంది, దాన్ని రిపుల్ కరెంటు అంటారు. మైక్రోఫారడ్‌లూ వోల్టులూ సరిపోయినా రిపుల్ తట్టుకోలేని చవక భాగం వేస్తే రిపేరైన ఆర్నెల్లకే మళ్లీ ఉబ్బుతుంది. ఛార్జర్ మీద దుప్పటి కప్పి పడుకునే పిల్లలకి ఈ పేరా చదివి వినిపించండి.

వోల్టులు ఎక్కువున్నది వేస్తే నష్టం లేదు, పట్టే చోటుంటే చాలు. మైక్రోఫారడ్‌లు అలా కాదు. బాగా ఎక్కువ వేస్తే ప్లగ్గు పెట్టిన క్షణంలో ఖాళీ ట్యాంకు ఒక్కసారిగా లాగే కరెంటుకి డయోడ్లో ఫ్యూజో పోతాయి. అదే ఛార్జర్‌లో ఇంకో బుల్లి నీలం కెపాసిటర్ ఉంటుంది, వై రకం అంటారు. ఇండియాలో రెండు పిన్నుల ఛార్జర్ పెట్టి లాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే చెయ్యి జిల్లుమంటుందే, దాని పనే. 2.2 నానోఫారడ్‌లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 0.16 మిల్లీయాంపులు పారుతుంది. అమెరికాలో 0.1 మాత్రమే, అందుకే ఇక్కడ అంతగా తెలియదు. దీని సైజు పెంచితే ఆ జిల్లు షాక్ అవుతుంది. దీని బదులు మామూలు కెపాసిటర్ ఎప్పుడూ వేయకూడదు.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన కండెన్సర్ సీలింగ్ ఫ్యాన్‌ది, 2.5 మైక్రోఫారడ్. ఫ్యాన్ నెమ్మదిస్తే ఎలక్ట్రీషియన్ అది మారుస్తాడు. వేగం పెంచాలని ఇంకా పెద్దది వేసేవాళ్లూ ఉన్నారు, వైండింగ్ వేడెక్కుతుంది. ఇక్కడ ఇంటి బయటుండే ఏసీ యూనిట్‌లో ఉన్నదీ ఇదే జాతి. 45/5 అని రాసి ఉంటే 45 కంప్రెసర్‌కి, 5 ఫ్యాన్‌కి. మూడు కొసల మీద సి, హెర్మ్, ఫ్యాన్ అని ఉంటుంది. 45 స్థానంలో 45 మాత్రమే వేయాలి. కానీ 370 వోల్టుల దాని బదులు 440 వేయొచ్చు, 440 బదులు 370 వేయకూడదు. లేబుల్ మీద ఆరు శాతం తేడా ఒప్పు అని ఉంటే 42.3 దాకా మంచిదే. జులై ఎండలో వచ్చిన టెక్నీషియన్ "వీక్ అయిపోయింది, మార్చాలి" అంటే, మీటర్‌లో ఎంత చూపించిందని అడగండి. 43 అయితే తొందరేం లేదు. 31 అయితే అదే రోజు మార్పించండి, లేకపోతే కంప్రెసర్ మీదికి వస్తుంది.

ఏసీ నడుస్తుండగా కొలిచే పద్ధతీ ఉంది, అది టెక్నీషియన్ చేసే పని. కెపాసిటర్‌కి వెళ్లే తీగలో యాంపులని 2,652తో గుణించి, దాని రెండు కొసల మధ్య వోల్టులతో భాగిస్తే మైక్రోఫారడ్‌లు వస్తాయి. ఇది 60 హెర్ట్జ్‌కి. దుబాయ్, మస్కట్, దోహాల్లో ఉన్నవాళ్లకి 50 హెర్ట్జ్ కాబట్టి 3,183 వాడాలి. సౌదీలో 60 కాబట్టి అమెరికా సంఖ్యే.

ఈ లెక్కలు చూసి ఛార్జర్ మూత తీయొద్దు. ప్లగ్గు పీకాక కూడా 325 వోల్టులు లోపల నిలిచి ఉండొచ్చు, గుండెకి అది చాలు. ఏసీ కెపాసిటర్ కూడా అంతే. బ్రేకర్ ఆపినంత మాత్రాన అది ఖాళీ అయినట్టు కాదు.

సౌండ్‌బార్ సంగతి చెప్పలేదు కదా. షాపతను 400 వోల్టుల కండెన్సర్ వేస్తే సరిపోతుందన్నాడు. నేను వద్దన్నాను. గోడ ఎత్తు ఒక్క ట్యాంకుకే పెంచితే, దాని వెనకున్న స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ కూడా అమెరికా లెక్కకే చేసింది, తర్వాత అది పోతుంది. పాత సైజుదే, 200 వోల్టులదే వేయించి, ఫ్యూజు మార్పించి, 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాం. ఇటుకంత బరువుంది. మామయ్యగారు దాన్ని టీవీ స్టాండ్ కింద పెట్టి, ఎవరూ తీయకుండా మీద అట్టముక్కపై "దీంట్లోనే పెట్టవలెను" అని రాసి అంటించారు.