033లో సున్నా ఎటు పోయింది? డేటా టైప్ తనిఖీ ఎలా?

కోల్‌కతా ల్యాండ్‌లైన్ ఎస్‌టీడీ కోడ్ 033. ఆ కోడ్‌లున్న సీఎస్‌వీ ఫైల్‌ను పైథాన్‌లో పాండాస్ లైబ్రరీతో, ఏ సూచనా ఇవ్వకుండా తెరిస్తే గడిలో 33 కనిపిస్తుంది. ఎర్రర్ రాదు. పాండాస్ ఆ అంకెలను చూసి పూర్ణాంకం అనుకుంది, పూర్ణాంకానికి ముందున్న సున్నాతో పనిలేదు కాబట్టి తీసేసింది. ఆ జాబితాతో ఫోన్లు చేయాల్సినవాళ్లకు మాత్రం ఆ సున్నాతోనే పని.

వేరియబుల్‌లో ఉన్నది ఏ రకం విలువో చెప్పేది డేటా టైప్. పూర్ణాంకం, దశాంశ సంఖ్య, స్ట్రింగ్ (అక్షరాల వరుస), బూలియన్ (అవును/కాదు) వీటిలో ముఖ్యమైనవి. పైథాన్‌లో 3, 3 కలిపితే 6. అవే స్ట్రింగ్‌లైతే ‘33’.

పైథాన్‌లో ‘టైప్’ ఫంక్షన్‌కు వేరియబుల్‌ను ఇస్తే రకం తెలుస్తుంది. ఫలానా రకమా కాదా అని అడగడానికి ‘ఈజ్ఇన్‌స్టాన్స్’ ఉంది. అయితే ‘ట్రూ’ పూర్ణాంకమా అని అడిగినా అది అవుననే అంటుంది, ఎందుకంటే పైథాన్‌లో బూలియన్ పూర్ణాంకానికి ఉపరకం. జావాస్క్రిప్ట్‌లో ‘టైప్ఆఫ్’ వాడతారు. ఖాళీని సూచించే ‘నల్’ను కూడా అది ‘ఆబ్జెక్ట్’ అంటుంది. ఆ భాష తొలినాళ్ల పొరపాటు అది, సరిచేస్తే పాత వెబ్‌సైట్లు దెబ్బతింటాయని అలాగే వదిలేశారు. సీ, జావాల్లో రకాన్ని సాధారణంగా ముందే ప్రకటించాలి. అక్కడ వేరే ప్రమాదం ఉంది: కోడ్‌లో 033 అని నేరుగా రాస్తే దాన్ని అష్టాంశ పద్ధతి సంఖ్యగా తీసుకుని 27 అంటాయి. పైథాన్ 3 మాత్రం అలా రాయనివ్వదు.

అయినా తనిఖీ చెప్పేది నిల్వ ఉన్న రకాన్నే, అర్థాన్ని కాదు. కోల్‌కతా జీపీఓ పిన్‌కోడ్ 700001, బారానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ది 700108. రెండింటి సగటు అడిగితే కంప్యూటర్ 700054.5 అని చెప్పేస్తుంది. ఆ చిరునామాకు ఉత్తరం వెళ్లదు! దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ 1950ల మధ్యలో అడుగుపెట్టింది ఈ సంస్థలోనే. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్.రావు 1941లో చేరి దశాబ్దాలు పనిచేసిందీ ఇక్కడే. ఏ సంఖ్య కొలత, ఏది కేవలం పేరు అని విడదీయడం గణాంక శాస్త్రంలో మొదటి మెట్టు. పిన్‌కోడ్, ఎస్‌టీడీ కోడ్ అంకెల్లో ఉన్నా పేర్లే.

కాబట్టి ఇలాంటి కాలమ్‌లను ఫైల్ తెరిచేటప్పుడే, ‘డీటైప్’ సూచనతో, స్ట్రింగ్‌గా చదవాలి. తెరిచాక రకం చూస్తే పూర్ణాంకమని తెలుస్తుంది గానీ అప్పటికే సున్నా పోయి ఉంటుంది. మూడంకెలు వచ్చేలా సున్నాలు నింపితే కోల్‌కతా 033, హైదరాబాద్ 040 తిరిగొస్తాయి. విజయవాడ 0866 మాత్రం 866గానే మిగిలిపోతుంది.