ఉదయగిరి, ఆత్మకూరు హైస్కూలు అయ్యవార్లు



మన జిల్లా పడమటి మెట్ట చరిత్ర అనగానే ఉదయగిరి కోట, సంగం ఆనకట్ట, సోమశిల ప్రాజెక్టు గుర్తుకొస్తాయి. రాజులను గురించీ ప్రాజెక్టులను గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. రాయకుండా మిగిలిపోయినది హైస్కూలు అయ్యవార్ల చరిత్ర. దానికి శాసనాలు లేవు. ఉన్నదల్లా స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లు, ఆఫీసు బీరువాల్లోని సర్వీసు రిజిస్టర్లు, మనబోటి ముసలివాళ్ల జ్ఞాపకాలు.

నేను 1960 నుంచి మూడేళ్లు ఉదయగిరిలోనూ, ఆ తర్వాత మూడేళ్లు మేనమామ గారింట ఉండి ఆత్మకూరులోనూ చదువుకున్నాను. 1971లో గుమాస్తాగా చేరి, ఎక్కువకాలం పెన్షను కాగితాల సీటులోనే పనిచేసి, 2008 జూన్ 30న రిటైరయ్యాను. ఆ విధంగా మా అయ్యవార్లను చిన్నప్పుడు బెంచీ మీద కూర్చుని చూశాను, పెద్దయ్యాక వారి సర్వీసు రిజిస్టర్లు తిరగేసి చూశాను. చదువు చెప్పేటప్పుడు వారు ఎంత పెద్దవారో, జీతం కాగితాల్లో ఎంత చిన్నవారో రెండూ నాకు తెలుసు. వారి కుటుంబాలవారు మన మధ్యనే ఉన్నందున పేర్లు రాయడం లేదు. ఏ పాఠం చెప్పేవారో ఆ పేరుతోనే పిలుస్తాను. ఆ రోజుల్లో మేము పిలిచిందీ అట్లాగే.

బోర్డు స్కూలు, పరిషత్తు స్కూలు

1920 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం కింద జిల్లా బోర్డులు హైస్కూళ్లు నడిపేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత కూడా బోర్డులు కొంతకాలం సాగాయి. 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక ఆ స్కూళ్లు జిల్లా పరిషత్తు కిందికి వచ్చాయి. నేను చేరేనాటికి బోర్డు మారి ఏడాది కూడా కాలేదు. ఊరివాళ్లకు మాత్రం అది చాలాకాలం బోర్డు హైస్కూలే. ఆరో తరగతి ఫస్టు ఫారం, పదకొండో తరగతి సిక్స్తు ఫారం. దాని చివర ఎస్సెస్సెల్సీ పబ్లిక్ పరీక్ష. పదో తరగతితో హైస్కూలు ముగించి రెండేళ్ల ఇంటర్మీడియట్ చదివే పద్ధతి 1969 ప్రాంతంలో వచ్చింది.

అప్పటి నెల్లూరు జిల్లా చాలా పెద్దది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు కూడా మనవే. కాలువల కింద పుట్టి పెరిగిన మాస్టారిని దర్శికైనా ఉదయగిరికైనా వెయ్యవచ్చు. నెల్లూరు నుంచి ఉదయగిరి ఇంచుమించు 100 కిలోమీటర్లు. ఉదయగిరికి వేశారంటే "ఏం తప్పు చేశావయ్యా?" అని అడిగే రోజులవి. వరి అన్నానికి అలవాటుపడిన వారికి ఇక్కడ సజ్జలు, జొన్నలు. ఎండాకాలం వస్తే బావులు అడుగంటేవి. చాలామంది భార్యాబిడ్డలను నెల్లూరులోనే ఉంచి, శనివారం సాయంత్రం బస్సెక్కి సోమవారం తెల్లవారేసరికి మళ్లీ దిగేవారు. ఒక్క ఏడాది గడిపి వెళ్లిపోదామని వచ్చినవారిలో కొందరు ఇరవై ఏళ్లు ఇక్కడే ఉండిపోయారు. నేను చెప్పబోయేది ఎక్కువగా వారిని గురించే.

ఉదయగిరిలో

మా సోషలు మాస్టారికి పాఠ్యపుస్తకం అవసరం ఉండేది కాదు. కిటికీలోంచి మూడు వేల అడుగుల కొండ కనిపిస్తూ ఉండేది. "అదిగో పుస్తకం, చదవండి" అనేవారు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చి ఈ కోటను ముట్టడించడం, 1514లో కోట వశం కావడం, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకుపోయి హంపిలో గుడి కట్టించడం, అన్నీ కొండను చూపిస్తూనే చెప్పేవారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఏడాదికొకసారి మమ్మల్ని కొండెక్కించేవారు. పైన గుళ్లూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. మా తరగతిలో సాయిబుల పిల్లలు చాలామంది. గుడి దగ్గర ఎట్లా చెప్పులు విడిపించేవారో మసీదు దగ్గరా అట్లాగే విడిపించి, రెండు చోట్లా ఒకే గొంతుతో చరిత్ర చెప్పేవారు. ఆ మాట విన్నవాళ్లం ఆ తర్వాత ఎన్ని గొడవలు పేపర్లో చదివినా నిదానం తప్పలేదు.

తెలుగు పండితులు సన్నగా, ఉతికిన పంచె, భుజాన కండువాతో వచ్చేవారు. మెట్ట పిల్లలకు కవిత్వం ఎందుకని ఎవరో అన్నారట. ఆ రోజు క్లాసులో ఆయన పాఠం పక్కనబెట్టి, ఉదయగిరి ఏలిన బసవరాజు కాలాన్ని గురించి గంటసేపు చెప్పారు. నంది మల్లయ, ఘంట సింగయ జంటకవులు ప్రబోధచంద్రోదయాన్ని తెలుగు చేసి ఆ బసవరాజు మంత్రికి అంకితమిచ్చారనీ, పంచతంత్రం రాసిన దూబగుంట నారాయణకవి ఆ బసవరాజు కొడుకు తమ్మరాజుకు అంకితమిచ్చాడనీ చెప్పి, "మీ ఊరు కవులకు అన్నం పెట్టిన ఊరు రా" అన్నారు. కానీ ఆ పండితులకే జీతం తక్కువ. బి.ఎడ్. అసిస్టెంట్లకు ఉన్న స్కేలు భాషా పండితులకు లేదు, హెడ్మాస్టరు పదవికి దారి లేదు. ఆ సంగతి మాకు తెలియనివ్వలేదు. సర్వీసు రిజిస్టరు చూసినప్పుడు తెలిసింది.

లెక్కల మాస్టారికి స్కూలు వదిలాక కూడా పని ఉండేది. అణాలు పోయి నయాపైసలు 1957లోనే వచ్చినా జనం నోట ఇంకా అణాలే. 1962లో కిలోల తూకం తప్పనిసరి చేశారు. వీశె అంటే ఎన్ని కిలోలో, మణుగు ధర కిలోకు ఎంత పడుతుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. సంతరోజు మాస్టారు అరుగు మీద కూర్చుంటే రైతులూ కోమట్లూ చుట్టూ చేరేవారు. వీశె కిలో నాలుగు వందల గ్రాములని గుర్తుపెట్టుకోమని, మిగిలినదంతా గుణకారమేనని చెప్పేవారు. మమ్మల్ని కూడా కూర్చోబెట్టి లెక్కలు కట్టించేవారు. దశాంశాలు నేను బోర్డు మీద నేర్చుకోలేదు, చింతపండు, మిరపకాయల ధరల మీద నేర్చుకున్నాను.

ఆత్మకూరులో

1963లో ఆత్మకూరు చేరేసరికి చైనా యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. డిల్లు మాస్టారిది సైన్యంలో పనిచేసి వచ్చినట్టే గొంతు. పొద్దున్నే మైదానంలో మమ్మల్ని వరసలో నిలబెట్టి నడిపించేవారు. ఆయనకు పరుగులో గెలిచినవాడి కంటే చివర వచ్చినవాడి మీదే దృష్టి. చివరి వాడు గీత దాటేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. హిందీ పండితులు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్యాసై వచ్చినవారు. జీతం లేకుండా సాయంత్రాలు ప్రాథమిక, మధ్యమ పరీక్షలకు మమ్మల్ని తయారుచేసేవారు.

సైన్సు మాస్టారిది వేరే కథ. ఆయన దళితుడు. నేను చదివిన రెండు ఊళ్లలో ఒకదానిలో ఆయనకు అద్దెకు ఇల్లు దొరకలేదు. ముందు సరేనన్నవారే ఊరూ పేరూ కనుక్కున్నాక కాదనేవారు. హెడ్మాస్టరు గారు చూసి చూసి, సైన్సు గది పక్కనున్న చిన్న గది ఇచ్చారు. కొన్ని నెలలు ఆయన అక్కడే వండుకుని తిన్నారు. మాకు మాత్రం ఆ గది పెద్ద వరం. రాత్రిపూట లాంతరు పెట్టుకుని అక్కడే చదువుకునేవాళ్లం. ఆయన ఎవరినీ ఒక్క మాట అనగా వినలేదు. ఇల్లు లేదన్నవారి పిల్లలు కూడా ఆ లాంతరు దగ్గర కూర్చున్నవారే.

హెడ్మాస్టరు గారి కలం

మిత్రులారా, మనలో ఎందరి పుట్టినరోజు జులై 1? నాదీ అదే. పల్లెలో పుట్టిన పిల్లవాడి తేదీ ఇంట్లో ఎవరికీ తెలియదు. గాలివాన వచ్చిన ఏడో, కరువు వచ్చిన ఏడో చెప్పేవారు. బడిలో చేర్చుకున్న అయ్యవారు పిల్లవాడిని ఎగాదిగా చూసి, స్కూళ్లు తెరిచే నాటికి వయసు సరిపోయేట్టు ఒక తేదీ వేసేవారు. అదే ఎస్సెస్సెల్సీ పుస్తకంలోకి, అక్కడినుంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కేది. 1984లో పుట్టిన తేదీ నిబంధనలు వచ్చాక దాన్ని మార్చుకునే దారీ మూసుకుపోయింది. నెల మొదటి తారీఖున పుట్టినవాడు ముందు నెల చివరి రోజునే రిటైరవుతాడు గనుక నేను జూన్ 30న ఇంటికి వచ్చాను. మనం ఎన్నేళ్లు ఉద్యోగం చెయ్యాలో, ఏ రోజు దండ వేయించుకోవాలో ఆ అయ్యవారు మన ఆరో ఏటనే రాసిపెట్టారన్నమాట.

1983 ఫిబ్రవరి

ఆ సంవత్సరం మన తరానికి మరుపు రాదు. జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఏర్పడింది. ఫిబ్రవరి 8న పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. 55 దాటినవారంతా ఆ నెల 28న దిగిపోవాలి. ఇరవై రోజుల వ్యవధి. మా తెలుగు పండితులకు 55 నిండి రెండు నెలలే అయింది. ఇల్లు గోడల దాకా లేచి ఉంది, చిన్న కూతురి పెళ్లి కావలసి ఉంది. ఆయన నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను లేచి నిలబడితే "కూర్చో నాయనా, ఇది నీ బల్ల" అన్నారు. ఆయన కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి.

1984లో వయసు మళ్లీ 58 అయింది. 1985లో సుప్రీంకోర్టు తీర్పుతో మధ్యలో దిగిపోయినవారిలో ఇంకా 58 నిండనివారిని తిరిగి తీసుకున్నారు. పండితులకు మిగిలింది రెండు నెలలు పైచిలుకు. ఎందుకొచ్చిన శ్రమ అని ఇంట్లో అన్నా వినలేదు. వెళ్లి చేరారు. ఆ రెండు నెలల్లో పదో తరగతికి ఛందస్సు పూర్తిచేసి, డిసెంబరు 31న రెండోసారి రిటైరయ్యారు. స్టాఫ్ రూములో రెండోసారి దండ వేస్తుంటే "ఇదివరకు వేసింది ఇంకా వాడలేదయ్యా" అని నవ్వించారట.

రెవెన్యూ స్టాంపు మీది సంతకాలు

సైన్సు మాస్టారు ఉద్యోగంలో ఉండగానే పోయారు. ఆయన భార్య కాగితాలు ఒక ఆఫీసులో ఆగిపోయాయి. సర్వీసు రిజిస్టరులో బోర్డు కాలపు పేజీలు లేవు. 1959కి ముందు తొమ్మిదేళ్ల సర్వీసుకు ఆధారం లేదని గ్రాట్యుటీ లెక్కకు అబ్జక్షన్ రాశారు. ఆమె రెండేళ్లు తిరిగింది. తిరగడానికి బస్సు ఛార్జీలు కూడా కష్టమే. ఆ ఫైలు చివరకు నా సీటుకు వచ్చింది. ఆయన మొదట పనిచేసిన స్కూళ్లకు ఉత్తరాలు రాస్తే ఒక హెడ్మాస్టరు గారు పాత ట్రంకు పెట్టె తెరిపించి వెతికించారు. జీతాల అక్విటెన్స్ రోల్సు చెదలు పట్టకుండా దొరికాయి. నెలనెలా అణా రెవెన్యూ స్టాంపు మీద ఆయన సంతకం. తొమ్మిదేళ్లలో ఒక్క నెల తప్పలేదు. వాటి నకళ్లు జతచేసి పంపితే లెక్క తేలింది, డబ్బు వచ్చింది. ఆ కూతురు ట్రైనింగ్ చదివి టీచరైంది, ఇప్పుడు ఆమే పెన్షనరు.

రిటైరయ్యాక కూడా

లెక్కల మాస్టారు రిటైరై ఇంట్లో కూర్చోలేదు. 1991లో మన జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు కూలినాలి చేసుకునే ఆడవాళ్లకు రాత్రిపూట పలకా బలపం పట్టించారు. ఆ చదువు ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ తదితర స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తెలుగు పండితులు మాకు కవి ఇంటిపేరుగా చెప్పిన మాట దూబగుంట. ముప్పై ఏళ్ల తర్వాత అదే మాట పేపర్ల మొదటి పేజీలో చూసి ఎంతో సంతోషించారు.

ఇప్పుడు చెయ్యవలసింది

ఆ అయ్యవార్లలో ఇప్పుడు మిగిలినవారు బహు కొద్దిమంది. 2004 సెప్టెంబరు తర్వాత ఉద్యోగంలో చేరినవారికి మన పాత పెన్షను పద్ధతి లేదు. మనకున్నది పై తరం వారు పోరాడి తెచ్చిపెట్టినది, అందులో బడిపంతుళ్ల పాత్ర తక్కువది కాదు.

నా మనవి రెండే మాటలు. ఒకటి, మీ హైస్కూలులో మీకు పాఠం చెప్పినవారి పేరు, చెప్పిన పాఠం, పనిచేసిన సంవత్సరాలు ఒక తెల్ల కాగితం మీద రాసి సంఘం కార్యాలయానికి ఇవ్వండి. తాలూకాల వారీగా ఒక రిజిస్టరు తెరుద్దాం. రెండు, మీ వీధిలో ఏ అయ్యవారి భార్య అయినా ఒంటరిగా ఉంటే, ఆమె ఫ్యామిలీ పెన్షను కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ఒకసారి వెళ్లి చూడండి. పి.పి.ఓ.లో పేరు ఒక అక్షరం తేడాగా ఉన్నా చాలు, ఇబ్బంది పడతారు. దరఖాస్తు రాయడం మనకు వారే నేర్పారు. ఆ పని మనం చెయ్యగలం.