‘ముట్టుకోవద్దు’ బోర్డు దిగిన కథ

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, గాజు పెట్టెలో, ఒక ఆట పలక ఉంది. వయసు దాదాపు 4,600 ఏళ్లు. ఆల్చిప్ప ముక్కలు, నీలిరాళ్లు పొదిగిన ఇరవై గళ్ల పలక అది. ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల్ని 1920లలో తవ్వినప్పుడు లియొనార్డ్ వూలీకి దొరికింది. పలకా పావులూ దొరికినా ఆట మాత్రం దొరకలేదు. క్రీస్తుపూర్వం 177 నాటి ఒక బాబిలోనియా మట్టిపలక మీద ఆ ఆట తర్వాతి రూపానికి సంబంధించిన నియమాలున్నాయని ఆ మ్యూజియం క్యూరేటర్ ఇర్వింగ్ ఫింకెల్ చదివి చెప్పేదాకా ఆ పలక అందమైన చెక్కపని మాత్రమే. మన పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన పులిజూదం గీతలకూ ఇదే గతి. ఆడడం వచ్చినవాడికి అవి పులులూ మేకలూ, రానివాడికి వట్టి గీతలు. వీడియో గేమ్ మ్యూజియంలోకి వచ్చిన చరిత్రను ఇక్కణ్నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. ఆటలో దాచవలసింది వస్తువు కాదు, దాని నడక. ఈ చిన్న సంగతి ఒంటబట్టడానికి మ్యూజియాలకు దాదాపు పాతికేళ్లు పట్టింది. ‘వీడియో గేమ్ కళేనా?’ అని ఇన్నేళ్లుగా సాగిన తగాదాలో సగం, నడకను వదిలేసి బొమ్మను పట్టుకు వేలాడడం వల్ల పుట్టిందే.

మొదటి పెద్ద అడుగు వేసింది చిత్రకళా మ్యూజియం కాదు, సినిమా మ్యూజియం. న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో 1988లో తెరిచిన అమెరికన్ మ్యూజియం ఆఫ్ ది మూవింగ్ ఇమేజ్, మరుసటి ఏడే ‘హాట్ సర్క్యూట్స్’ అనే ప్రదర్శన పెట్టింది. దాన్ని తలపెట్టింది ఆ సంస్థ డైరెక్టర్ రొషెల్ స్లోవిన్. బిళ్ల వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాలను వరసగా నిలబెట్టి, వచ్చినవాళ్లను ఆడుకోనిచ్చారు. అప్పటికి ఆ యంత్రాలు పురావస్తువులేమీ కావు. స్పేస్ ఇన్వేడర్స్ వచ్చి పదకొండేళ్లు, పాక్‌మాన్ వచ్చి తొమ్మిదేళ్లు. కానీ 1983లో అమెరికాలో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలిన దగ్గర్నుంచి ఆర్కేడ్‌లు మూతపడుతూ వచ్చాయి, పాత యంత్రాలు తుక్కులోకి పోతున్నాయి. సినిమా ఫిల్ము ఎంత తొందరగా నాశనమవుతుందో తెలిసిన సంస్థకే ఈ ప్రమాదం ముందుగా కనిపించడం సహజం. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1935లో ఫిల్మ్ లైబ్రరీ పెట్టినప్పుడు కూడా సినిమా కళా కాదా అన్నది తేలలేదు. తేలేదాకా ఆగితే మూకీల్లో మిగిలిన కొన్ని కూడా మిగిలేవి కావు. అంటే మ్యూజియం తలుపు చాలాసార్లు తెరిపించేది గౌరవం కాదు, పోతుందన్న భయం.

చిత్రకళా మ్యూజియాలు మాత్రం దొడ్డిదారిన వచ్చాయి. గేమ్‌ను నేరుగా తెచ్చుకోకుండా, గేమ్‌తో ఏదో చేసిన కళాకారుణ్ని తెచ్చుకున్నాయి. దీనికి కోరి ఆర్కేంజెల్ 2002లో చేసిన ‘సూపర్ మారియో క్లౌడ్స్’ కంటే మంచి సాక్ష్యం లేదు. ఆయన నింటెండో క్యాసెట్ విప్పి, అందులో ప్రోగ్రాం ఉండే చిప్‌ను మార్చాడు. మారియోను తీసేశాడు, ఇటుకల్ని తీసేశాడు, శత్రువుల్నీ నేలనూ కూడా తీసేశాడు. మిగిలింది నీలాకాశంలో మెల్లగా జరిగిపోయే తెల్లమబ్బులు. 2004లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం బైనియల్ ప్రదర్శనలో అవి కనిపించాయి. ఆ మబ్బులు నిజంగానే బాగుంటాయి, ఆ పని తెలివైనదే. కానీ మ్యూజియం అక్కడ ఒప్పుకున్నదేమిటి? ఒక కళాకారుడి పేరుంది, ఆడడానికి ఏమీ లేదు, నిలబడి చూస్తే చాలు. గేమ్‌లోంచి గేమ్‌ను తీసేశాక మిగిలినదాన్ని గోడ మీదికి ఎక్కించడం దానికి సులువైంది. తమాషా ఏమంటే ఆ మబ్బుల గొప్పతనం అసలు ఆటలోనే ఉంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది, ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకైనా ఆ చోటు చాలదు. చోటు మిగుల్చుకోవడానికి మబ్బుకీ పొదకీ ఒకే బొమ్మ వాడారు. తెల్లరంగు వేస్తే మబ్బు, పచ్చరంగు వేస్తే పొద. లక్షల మంది ఏళ్లతరబడి ఆడినా చాలామంది గమనించలేదు. కొరతను కనబడనివ్వకపోవడం ఏ కళలోనైనా పనితనమే.

ముందు వాకిలి తెరిచి, గేమ్‌నే పిలిచిన పెద్ద కళా మ్యూజియం వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం. 2012 మార్చి నుంచి సెప్టెంబర్ దాకా జరిగిన ‘ది ఆర్ట్ ఆఫ్ వీడియో గేమ్స్’కు క్యూరేటర్ క్రిస్ మెలిసినోస్. 240 గేమ్‌ల జాబితా ప్రజల ముందు పెట్టి ఓటు వేయమన్నారు. 175 దేశాల నుంచి 37 లక్షల ఓట్లు వచ్చాయట. వాటిలోంచి 80 గేమ్‌లు తేలాయి. చూడ్డానికి 6.8 లక్షల మందికి పైగా వచ్చారు. జనం రావడం మంచిదే. కానీ ఓట్లతో ఎంచిన ప్రదర్శనలో బాగా అమ్ముడైనదీ బాగా గుర్తున్నదీ గెలుస్తాయి, కొత్తదారి తొక్కినది మూలకు పోతుంది. పాఠకుల ఓట్లతో కవితాసంకలనం వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఇంకో లోపం మరింత ముఖ్యమైనది. 80 గేమ్‌లలో అక్కడ ఆడగలిగినవి ఐదే: పాక్‌మాన్, సూపర్ మారియో బ్రదర్స్, ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్, మిస్ట్, ఫ్లవర్. తక్కినవన్నీ వీడియో ముక్కలు, నిశ్చల చిత్రాలు. ‘కళ’ అన్న మాట పేరులోనే పెట్టుకున్న ప్రదర్శన ఆ కళను ఎక్కువగా బొమ్మల్లోనే వెతికిందన్నమాట.

వైకుంఠపాళి పటాన్ని గోడకు తగిలిస్తే అందులో కనిపించేవి పాములూ నిచ్చెనలూ. నాలుగు గవ్వలేసి ఆడితేనే, పరమపదం ఇంకో పందెం దూరంలో ఉండగా పెద్దపాము నోట్లో పడి కిందికి జారడం అంటే ఏమిటో కడుపులో తెలుస్తుంది. పాపపుణ్యాల గురించి ఆ పటం చెప్పదలిచింది బొమ్మలో లేదు, ఆ జారడంలో ఉంది. పాక్‌మాన్‌ది కూడా ఇదే పని. ఫొటోలో దాని నాలుగు దయ్యాలూ ఒకే ఆకారం, రంగులు మాత్రం వేరు. ఆడితే నలుగురూ నాలుగు స్వభావాలు. ఎర్రది వెంటబడి తరుముతుంది. గులాబీది మనమున్న చోటికి కాక, పోబోయే చోటికి గురిపెట్టి కాచుకుంటుంది. తోరు ఇవతాని బృందం 1980లో రాసిన ఆ నియమాలే ఆ పాత్రల ముఖాలు. స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా దిగుతాయి. బొమ్మలు తక్కువైతే ప్రాసెసర్ వాటిని త్వరగా గీయగలగడం వల్ల జరిగిన సంగతి అది. ఆ ఆట తయారుచేసిన తొమొహిరో నిషికాదో దాన్ని తప్పని దిద్దకుండా వదిలేశాడు. గెలుపు దగ్గరపడేకొద్దీ గుండె దడ పెరిగే ఆ అనుభవాన్ని ఏ నిశ్చల చిత్రం పట్టుకోగలదు?

దీన్ని గ్రహించిన తీరు 2012 నవంబర్‌లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 14 గేమ్‌లను సేకరించినప్పుడు కనిపించింది. పాక్‌మాన్, టెట్రిస్, మిస్ట్, సిమ్‌సిటీ 2000, ది సిమ్స్, కటమారి దమాసీ, పోర్టల్ లాంటివి ఆ పట్టికలో ఉన్నాయి. ఎంపిక చేసిన పావోలా ఆంటోనెల్లి వాటిని చిత్రకళ విభాగంలో చేర్చలేదు. కుర్చీలూ దీపాలూ అక్షరరూపాలూ ఉండే ఆర్కిటెక్చర్, డిజైన్ విభాగంలో చేర్చారు. కొలమానాలు నాలుగు చెప్పారు: ప్రవర్తన, సౌందర్యం, స్థలం, కాలం. మొదట ఉన్నది ప్రవర్తన అని గమనించాలి. రెండేళ్ల ముందు ఈమెయిల్ చిరునామాల్లో వాడే ‘ఎట్’ గుర్తును సేకరించింది కూడా ఈవిడ విభాగమే. చేతికి దొరికే వస్తువు ఉంటేనే సేకరణ అన్న పట్టింపు అక్కడే సడలింది. 2013 మార్చిలో ‘అప్లైడ్ డిజైన్’ ప్రదర్శనలో ఆ గేమ్‌లు కనిపించినప్పుడు రంగురంగుల ఆర్కేడ్ పెట్టెలు లేవు, పాతరోజుల ముచ్చట్లు లేవు. గోడలో తెర, చేతికి కంట్రోలర్, అంతే. సాధ్యమైన చోట ఆడనిచ్చారు, వీలుకాని చోట ఆట ఎలా సాగుతుందో చూపించారు. గేమ్‌ల మూల కోడ్ కూడా సంపాదించుకోవాలన్నది ఆ మ్యూజియం పెట్టుకున్న లక్ష్యం. యంత్రం పాడైనా ఆట నడవాలంటే కావలసింది అదే.

గేమ్‌ను కళగా ఒప్పుకోనివాళ్ల మాటలో బలం లేదని కాదు. సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010 ఏప్రిల్‌లో వీడియో గేమ్ ఎప్పటికీ కళ కాజాలదని రాశాడు. ఆటకు నియమాలుంటాయి, పాయింట్లుంటాయి, గెలుపు ఉంటుంది, కళను ఎవరూ గెలవరు అన్నది ఆయన వాదం. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరించిన 14లోనే దానికి జవాబుంది. జేసన్ రోరర్ చేసిన ‘ప్యాసేజ్’ ఐదు నిమిషాల ఆట. సన్నటి చారలాంటి తెర మీద ఒక మనిషి నడుస్తుంటాడు. దారిలో ఒకామె కలుస్తుంది. ఆమెతో కలిసి నడిస్తే ఇరుకుసందుల్లో ఉన్న నిధులు అందవు. ఒంటరిగా పోతే అందుతాయి. నడుస్తుండగానే జుట్టు నెరుస్తుంది, నడుం వంగుతుంది, ఆమె పోతుంది, చివరికి అతనూ పోతాడు. పాయింట్లు ఉన్నాయి, కానీ ఆ సమాధిరాయి ముందు వాటి అర్థమేమిటో ఆడినవాడే తేల్చుకోవాలి. ఇక్కడ నియమం కళకు అడ్డం కాలేదు, నియమమే ఆ మాట చెప్పింది. ఛందస్సు నియమాల మధ్య వెయ్యేళ్లు కవిత్వం చెప్పిన భాషవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఈబర్ట్ అదే జులైలో కాస్త వెనక్కి తగ్గాడు. గేమ్‌లు ఆడిన అనుభవం లేకుండా ఆ మాట బయటకు అని ఉండకూడదని ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాల్సిందే.

గార్డియన్ కళావిమర్శకుడు జొనాథన్ జోన్స్ 2012లో లేవనెత్తిన అభ్యంతరం ఇంకా లోతైనది. కళ ఒక మనిషి జీవితానికిచ్చే స్పందన, గేమ్ అటు చేసినవాడిదీ కాదు, ఇటు ఆడినవాడిదీ కాదు అన్నాడు. చదరంగం గొప్ప ఆటే కానీ చదరంగాన్ని కళ అనం కదా అనీ అడిగాడు. ఒకే మనిషి సంతకం కావాలంటే ఆ 14 గేమ్‌ల పట్టికలో అలాంటివీ దొరుకుతాయి. ‘అనదర్ వరల్డ్’ను ఎరిక్ షాయీ దాదాపు ఒంటిచేత్తో చేశాడు. కానీ అసలు ఆ కొలతే సరైనది కాదు. పేరు తెలియని శిల్పుల గుంపు చెక్కిన గుడిని కళ అనడానికి మనకు సంతకం అవసరం పడలేదు. ఇక ఆడేవాడి వాటా అంటారా, తోలుబొమ్మను గాజుపెట్టెలో వేలాడదీస్తే అది రంగులద్దిన తోలు, దీపం ముందుకు తెచ్చి ఆడించేవాడు ఉంటేనే సీత. చేసినవాడూ ఆడించేవాడూ వేరైనంత మాత్రాన ఆ కళ ఎవరిదీ కాకుండా పోలేదు. చదరంగం గురించి మాత్రం జోన్స్ మాట సగం నిజం. ప్రతి గేమూ కళ కాదు. ప్రతి సినిమా, ప్రతి నవల కూడా కాదు.

నా దృష్టిలో నిజంగా జవాబు కష్టమైన అభ్యంతరం వేరే ఉంది. మ్యూజియంలో నిలబడి, వెనక క్యూ చూస్తుండగా పది నిమిషాలు ఆడితే అది ఆ గేమేనా? ఆ పట్టికలోనే ఉన్న ఈవ్ ఆన్‌లైన్ వేలమంది ఒకేసారి ఉండే అంతరిక్ష ప్రపంచం. అక్కడి పొత్తులూ నమ్మకద్రోహాలూ నెలలపాటు పెరుగుతాయి. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో దాన్ని గోడకు ఎక్కించలేక, ఆటగాళ్ల దగ్గర సేకరించిన దృశ్యాలతో వీడియో చేసి చూపించారు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ నేర్చుకోవడానికే వారాలు పడుతుంది. అలాంటివాటికి మ్యూజియం చేయగలిగింది సంతలో రుచి చూపించడం లాంటిదే. ఒప్పుకోవాలి. అయినా ఈ లోపం గేమ్‌లకే ప్రత్యేకం కాదు. గుడి గోడమీంచి తెచ్చిన విగ్రహం కూడా మ్యూజియంలో పూజ లేకుండానే నిలబడి ఉంది. తేడా ఏమిటంటే గేమ్ బయట కూడా బతికి ఉంటే చాలు, రుచి చూసినవాడు ఇంటికెళ్లి తినొచ్చు. అది బతికి ఉంటుందా అన్నదే ప్రశ్న. అమెరికాలో విడుదలైన పాత గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. ఈ సంఖ్య తెలిశాక, ‘మ్యూజియాలు టికెట్ల కోసం పిల్లల ఆటలు పెట్టుకున్నాయి’ అన్న ఎద్దేవాకు వేరే జవాబు అక్కర్లేదు.

ఈ చరిత్రలో మన వాటా ఏదీ అని చూస్తే ఒక చిత్రమైన ఖాళీ కనిపిస్తుంది. 1990లలో తెలుగు ఇళ్లలో టీవీకి తగిలించుకున్న ‘వీడియో గేమ్’ చాలావరకు అసలు నింటెండో కాదు, దానికి నకలు. వేలల్లో ఆటలున్నాయని పైన అంకె వేసి, లోపల అవే కొన్నిటిని తిప్పితిప్పి చూపించే పసుపుపచ్చ క్యాసెట్లలో మారియో మనకు పరిచయమయ్యాడు. అసలు వస్తువునే వెతికే మ్యూజియం ఏదీ ఆ నకలును తీసుకోదు. కానీ నడకే అసలు అని ఒప్పుకుంటే, ఇక్కడి ఒక తరం ఆడింది ఆ నకలు మీదే, మన ఊళ్లలో ఆ ఆట చరిత్ర అందులోనే ఉంది. హైదరాబాద్‌లో ఇవాళ గేమ్‌లు తయారుచేసే కంపెనీలున్నాయి, దేశంలోని గేమ్ డెవలపర్ల వార్షిక సమావేశం కూడా కొన్నేళ్లు ఈ నగరంలోనే జరిగింది. మీ అటక మీద ఆ నకలు పెట్టె, రెండు కంట్రోలర్లు, నాలుగు క్యాసెట్లు ఇంకా ఉంటే పాతసామాన్లవాడికి వేసెయ్యకండి. దుమ్ము దులిపి, ఒక్కసారి టీవీకి తగిలించి చూడండి.