ఆ పేరు పెట్టిందెవరు?

బైబిలులో ఎవరి పేరైనా మారిందంటే ముందు చూడవలసింది, ఆ పేరు పెట్టిందెవరని.

ఆదికాండంలో పేరు వాగ్దానంతో కలిసి వస్తుంది. అబ్రాముకు 99 ఏళ్లు నిండినా శారయి గొడ్రాలే. కొడుకు ఇస్సాకు పుట్టకముందే దేవుడు వాళ్లను అబ్రాహాము, శారా అని పిలిచాడు. యాకోబు కథ ఇంకా లోతైంది. గుడ్డివాడైన తండ్రి ముందు తాను అన్న ఏశావునని చెప్పి దీవెన కాజేసినవాడు, యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా ఒక మనిషితో పోరాడి, దీవించమని పట్టుబట్టినప్పుడు 'నీ పేరేమి?' అన్న ప్రశ్న ఎదురైంది. ఈసారి నిజం చెప్పాడు. ఇశ్రాయేలు అనే పేరుతో పాటు కుంటి నడకా మిగిలింది. తర్వాత ఆ పేరు ఒక జాతికే పేరైంది.

రాజుల కాలానికి పేరు విజేత చేతి ముద్ర అయింది. క్రీ.పూ. 609లో ఐగుప్తు ఫరో నెకో ఎల్యాకీమును యెహోయాకీముగా మార్చి గద్దెనెక్కించి, యూదా మీద 100 తలాంతుల వెండి, ఒక తలాంతు బంగారం కప్పం వేశాడు. ఆ భారం ప్రజల మీదే పడింది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు మత్తన్యాను సిద్కియాగా మార్చి రాజును చేశాడు. ఆ సిద్కియా తిరగబడితే అతని కళ్లెదుటే కొడుకులను చంపించి, ఆ కళ్లు పెరికించాడు.

బబులోను చెరలో దానియేలుకు బెల్తెషాజరు అనే పేరు పెట్టారు. అది తన దేవుడి పేరును బట్టి పెట్టిందేనని నెబుకద్నెజరే చెప్పుకున్నాడు. గ్రంథం మాత్రం చివరిదాకా అతన్ని దానియేలనే పిలిచింది. పేరు మార్చగలిగిన సామ్రాజ్యం మనిషిని మార్చలేకపోయింది.

కొత్త నిబంధనలో యేసు సీమోనుకు పేతురు అని పేరు పెట్టాడు. గెత్సేమనేలో నిద్రపోయినప్పుడు మాత్రం సీమోనూ అనే పలకరించాడు. అతను ఎరగనని బొంకాక కూడా వదల్లేదు, మళ్లీ పిలిచి తన గొర్రెలను అప్పగించాడు. దమస్కు దారిలో సౌలు పౌలయ్యాడని చాలామంది అనుకుంటారు. అపొస్తలుల కార్యములు అలా చెప్పదు. మారుమనస్సు తర్వాత కూడా అతను సౌలే. కుప్ర దీవి ఘట్టంలోనే అతనికి పౌలనే మరో పేరుందని తెలుస్తుంది.

ఆ తర్వాత సంఘమే పేర్లు పెట్టసాగింది. 533లో రోమా దేవుడి పేరున్న మెర్క్యూరియస్ పోపు కాగానే రెండవ యోహాను అయ్యాడు. తెలుగునాట కూడా బాప్తిస్మంతో బైబిలు పేర్లు తీసుకున్న కుటుంబాలెన్నో. నెకో పేరు పెట్టి కప్పం అడిగాడు, యేసు పేరు పెట్టి పడినవాణ్ణి లేవనెత్తాడు. కొత్త పేరిచ్చే ప్రతి సంఘమూ ఈ ఇద్దరిలో ఎవరి దారిన నడుస్తున్నదో తనను తాను అడగాలి.