తిరుమల కొండ రాతిలో సముద్రం

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట కింద గ్రానైటు, దానిమీద పొరలు పేర్చినట్టు క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. ఈ రెంటి నడుమ కోట్ల ఏళ్ల చరిత్ర మాయమైంది. దీన్నే ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. పై రాయి ఒకప్పటి లోతు తక్కువ సముద్రపు ఇసుక. అలలు గీసిన ముడతలు నేటికీ దానిపై ఉన్నాయి. శిలాతోరణమూ ఆ రాయే.

వయసు చెప్పే గవ్వలు ఇందులో లేవు. మరో దారి అయస్కాంతం. ఇసుక పేరుకునేటప్పుడు ఇనుప ఖనిజపు రేణువులు అప్పటి భూ అయస్కాంత దిశకు తిరిగి బిగుసుకుంటాయి. ఆ దిశ తారుమారైన కాలాల పట్టికతో పొరలను పోల్చి వయసు కడతారు. ఆ పట్టిక వరస తప్పకుండా దొరికేది సుమారు 17 కోట్ల ఏళ్లకే. తిరుమల రాయి వందకోట్ల ఏళ్లు దాటినది, కాబట్టి ఆ పట్టికకు అందదు.

రాజమండ్రి దగ్గర మాత్రం లెక్క కుదిరింది. రెండు లావా పొరల మధ్య తీరసముద్రపు సున్నపురాయి ఇరుక్కుంది. కింది లావాది తిరగబడిన దిశ, పైదానిది ఇప్పటి దిశ. ఆ మార్పు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది.