ఇసుకలో అక్షరాలు, అర్థం కాని పద్యాలు

వీథిబడి అనే మాట వినబడితే చాలు, నేటి ఉపాధ్యాయుల ముఖాలలో చిరునవ్వు కదలుతుంది. బెత్తం, కోదండం, అర్థం తెలియని వల్లెవేత, ఈ మూడే వారికి స్ఫురిస్తాయి. మరికొందరు పెద్దలు ఇందుకు పూర్తిగా ఎదురుమాట చెబుతారు: ఆనాడు ఊరూరా సరస్వతి కొలువై ఉండేదని, దొరలు వచ్చి సర్వం పాడుచేశారని. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఈ రెండు మాటలూ రుచించలేదు. ఈ తగవు తీర్చడానికి ఒక మంచి సాక్ష్యం ఉన్నది.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్కలు పంపవలసిందిగా ఆదేశించాడు. వచ్చిన జవాబులలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపినది తలమానికం. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. 1882లో గాని వేరు కాలేదు. ఈ క్యాంబెల్ తెలుగు రాని దొర కాడు. 1816లోనే మన భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం వ్రాసి ప్రచురించినవాడు. కనుక ఆయన మెచ్చుకోలునూ, మందలింపునూ కూడా శ్రద్ధగా వినవలసి ఉన్నది.

జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. (నేటి వీథులలో ఈ లెక్క ఎట్లా తలక్రిందులైనదో నేను చెప్పనక్కరలేదు.) చదువు బ్రాహ్మణులకే పరిమితమని మనం వింటూ ఉంటాము గదా! హిందూ బాలురు 6,338 మందిలో బ్రాహ్మణులు 1,185, శూద్రులని వ్రాసినవారు 2,998. అట్లని పొంగిపోవడానికీ లేదు. అంత జిల్లాలో చదువుకొనే హిందూ బాలికలు 60 మంది మాత్రమే.

ఉదయం ఆరింటికే బడి. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవానికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెత్తగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఎక్కువ. ఇరవయ్యవవాని గతి ఏమిటో లెక్కలు వచ్చినవారు వేసుకోవచ్చును. సోమరులను చేతులు కట్టి దూలానికి వ్రేలాడదీయడమూ ఉండేది. గుంజీళ్ళు తీయించడం బాధాకరమే గాని ఒంటికి మంచిదేమో అని కలెక్టరుగారు ఒక చమత్కారం విసిరారు. ఆయన ఎన్నడూ గుంజీళ్ళు తీసి ఉండడని నా అనుమానం.

అక్షరాలు ఇసుకలో వ్రేలితో దిద్దేవారు. ఆ తరువాత పలక, కడితం. పలక అంటే రాతిపలక కాదు. నున్నగా చిత్రిక పట్టిన కొయ్యకు అన్నమూ బొగ్గుపొడీ పూసినది. కడితం గంజిపెట్టి, మడతలు మడిచి, మసిపూసిన గుడ్డ. బలపంతో వ్రాసి తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తది. ఖర్చు లేని ఈ ఏర్పాటునూ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పే పద్ధతినీ క్యాంబెల్ మనసారా కొనియాడాడు. చెప్పేవాని చదువు కూడా అందువల్ల గట్టిపడుతుందని గ్రహించాడు. అప్పటికే ఆ పద్ధతి సముద్రాలు దాటింది. మద్రాసు అనాథశాలలో పనిచేసిన ఆండ్రూ బెల్ దానిని గూర్చి 1797లో లండనులో పుస్తకం వేయగా, ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపొందింది.

ఇక మందలింపు. పిల్లలు పద్యాలు కొల్లలుగా అప్పగిస్తారు గాని అర్థం తెలియదు, పద్యాల భాష వేరు, నోటి భాష వేరు, చాలామంది గురువులకే అర్థం తెలియదు, అన్నాడాయన. పర్లాకిమిడిలో చిరకాలం ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు తరువాతి శతాబ్దిలో పోరాడినది ఈ అగాధాన్ని పూడ్చడానికే. కాబట్టి దీనిని దొర నింద అని త్రోసివేయడానికి వీలులేదు.

అయినా కంఠస్థం మీదనే నేరమంతా మోపడం నాకు సమ్మతం కాదు. పన్నెండవ ఏట నేర్చిన పద్యం నలభయ్యవ ఏట అర్థమైందని నాతో చెప్పిన పూర్వ విద్యార్థులు ఉన్నారు. నోట నిలవనిది ఏనాటికి అర్థమవుతుంది? దోషం జ్ఞాపకంలో లేదు, విప్పిచెప్పగల గురువు లేకపోవడంలో ఉన్నది. నేడు పద్యాలను తగ్గించుకొన్నాము, వల్లెవేతను మాత్రం మానలేదు. గైడు పుస్తకాల జవాబులూ, బిట్లూ అర్థం లేకుండానే మెదడుకెక్కుతున్నవి. పరీక్ష ముగిసిన మరునాటికి ఆవిరి అవుతున్నవి. మనం పోగొట్టుకొన్నది ఒకరికొకరు చెప్పుకొనే అలవాటు. ఎనిమిదవ తరగతివారి చేత ఆరవ తరగతివారికి సంధులు చెప్పించేవాణ్ణి. చెప్పినవారెవరూ వాటిని మరచిపోలేదు. ఒక తండ్రి మాత్రం వచ్చి, “మా వాణ్ణి చదువుకోను పంపాను గాని పంతులుద్యోగానికి కాదండీ!” అని తగవు పెట్టుకొన్నాడు. ర్యాంకుల కాలంలో ఆయన భయం ఆయనది.

క్యాంబెల్ మరొక చేదు నిజం దాచలేదు. ఇంగ్లండు బట్టలు వచ్చి మన నేతపని చెడింది, ప్రజలు బీదలైనారు, పిల్లలను బడి మాన్పిస్తున్నారు. ఉన్న 533 బడులలో ఒక్కదానికైనా సర్కారు సాయం లేదు. అని పై అధికారులకే వ్రాశాడు. అన్ని జిల్లాల జవాబులనూ కూర్చి 1826 మార్చిలో మన్రో తేల్చిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. చదువు పలుచబడడానికి గురువులకు తగిన భృతి లేకపోవడం ఒక కారణమని ఆయన గుర్తించి, జిల్లా కేంద్రాలలో 40, తాసిల్దారీలలో 300 బడులు పెట్టాలని ప్రతిపాదించాడు. తాసిల్దారీ బడి పంతులుకు నెలకు తొమ్మిది రూపాయలు, మిగిలినది పిల్లలు ఇచ్చే జీతాల నుండి రాబట్టుకోవాలి. మరుసటి ఏడు జూలైలో పత్తికొండ వద్ద కలరా సోకి మన్రో మరణించాడు. పట్టించుకొనే నాథుడు లేక ఆ బడులు పదేళ్ళయినా నిలువలేదు.